మెయిన్ బోర్డులో సర్జ్ ప్రొటెక్టర్: కొన్నేళ్లు వాడాక

లైన్లో ఒక్కసారిగా ఎగబాకే వోల్టేజీ (సర్జ్) నుంచి ఇంటి సామాన్లను కాపాడేది సర్జ్ ప్రొటెక్టర్. నేను కొన్నదాని పెట్టె మీద ‘పిడుగులు, సౌర తుఫాన్లు, ఈఎంపీ: అన్నిటి నుంచీ రక్షణ’ అని పెద్ద అక్షరాల్లో ఉంది. కొన్నేళ్లు వాడాక నా మార్కులు ఇవి: చుట్టుపక్కల పడే పిడుగులకు పూర్తిగా, సౌర తుఫాన్లకు సున్నా, ఈఎంపీకి (అణు పేలుడు లాంటివి పుట్టించే విద్యుదయస్కాంత తాకిడికి) సగం. ఆ సగం కూడా పోనీలే అని వేసిందే.

ఇది టైప్ 2 రకం, అంటే ఇంటి మెయిన్ బోర్డులో పెట్టేది. లోపల జింక్ ఆక్సైడ్ బిళ్లలుంటాయి. వోల్టేజీ మామూలుగా ఉన్నంతసేపు అవి కరెంటును పోనివ్వవు. ఒక్కసారిగా ఎగబాకితే మాత్రం దారిచ్చి ఎర్త్‌లోకి దించేస్తాయి. దెబ్బ తగిలినప్పుడల్లా బిళ్ల కొంత బలహీనపడుతుంది. ఉరుములు, మెరుపులతో గడిచిన ఓ రాత్రి తర్వాత బోర్డు మూత తీస్తే ఒక కార్ట్రిడ్జ్ (బిళ్ల ఉండే, లాగి మార్చుకోగల డబ్బీ) మీది చిన్న కిటికీలో పచ్చ రంగు పోయి ఎరుపు కనిపించింది. బిళ్ల వేడెక్కి టంకం కరిగితే లోపలి స్ప్రింగ్ దాన్ని లైన్ నుంచి విడదీస్తుంది. మెయిన్ ఆపి, ఆ కార్ట్రిడ్జ్ లాగేసి కొత్తది గుచ్చాను. ఫ్రిజ్, టీవీ, రూటర్ అన్నీ క్షేమం. ఆ రంగు చూడ్డానికి ప్రతిసారీ మూత తీయాల్సి రావడమే చిరాకు.

కొనడం కంటే బిగించడమే ముఖ్యం. ఎలక్ట్రీషియన్ మిగులు వైరును ముచ్చటగా చుట్టచుట్టి పెట్టాడు. సర్జ్ వచ్చినప్పుడు ప్రతి మీటరు పొడవు వైరుకూ సుమారు వెయ్యి వోల్టులు అదనంగా చేరతాయి, ఆ భారం ఫ్రిజ్ మీదే పడుతుంది. ఫేజ్ నుంచి ఎర్త్ బార్ దాకా మొత్తం అర మీటరు దాటకుండా కత్తిరించమన్నాను. గొణుక్కుంటూనే చేశాడు.

ఇక సౌర తుఫాను, అంటే సూర్యుడి నుంచి దూసుకొచ్చే కణాలు భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపేయడం. 1989 మార్చిలో అలాంటి తుఫానుకు కెనడాలోని క్యూబెక్‌లో 60 లక్షల మందికి దాదాపు 9 గంటలు కరెంటు పోయింది. అది ఇళ్ల వైరింగు వల్ల కాదు. వందల కిలోమీటర్ల లైన్లలో దాదాపు డీసీ లాంటి కరెంటు పుట్టి, ట్రాన్స్‌ఫార్మర్లను ఇబ్బంది పెట్టి, గ్రిడ్‌నే పడగొట్టింది. ఇంట్లో ఉన్న కాస్త వైరులో అంత కరెంటు పుట్టదు. 2003 తర్వాత మళ్లీ జీ5 (అన్నిటికంటే తీవ్రమైన) స్థాయి తుఫాను వచ్చింది 2024 మేలో. అప్పుడూ మా కార్ట్రిడ్జ్ కిటికీలు పచ్చగానే ఉన్నాయి. అది మా ప్రొటెక్టర్ గొప్పేమీ కాదు, దానికి పనే పడలేదు.

గ్రిడ్ తడబడితే ఇంటికి వచ్చేది హై వోల్టేజీ, లో వోల్టేజీ, ఆ తర్వాత చీకటి. హై వోల్టేజీ నిమిషాల తరబడి ఉంటే ఈ బిళ్లలే మాడిపోతాయి. అందుకని వోల్టేజీ మరీ ఎక్కువైనా, తక్కువైనా ఇంటికి కరెంటు ఆపేసే ఓవర్-అండర్ వోల్టేజ్ రిలే విడిగా పెట్టించాను. కరెంటు తిరిగి వచ్చాక కొన్ని నిమిషాలు ఆగి కలిపేలా సెట్ చేశాను. సౌర తుఫాను మాటెలా ఉన్నా, మామూలు రోజుల్లోనే అది తరచూ పనికొస్తోంది. ఒకటే కొనగలిగితే ముందు ఈ రిలేనే కొనమంటాను.

ఈఎంపీ తొలి దెబ్బ నానోసెకన్లలో లేస్తుంది. 1962లో పసిఫిక్ మీద 400 కిలోమీటర్ల ఎత్తున జరిపిన అణు పరీక్షకు, దాదాపు 1,400 కిలోమీటర్ల దూరంలోని హవాయిలో కొన్ని వీధిదీపాలు ఆరిపోయాయి. లైన్ మీదుగా వచ్చేదాన్ని ప్రొటెక్టర్ కొంత అణచగలదు. బోర్డు దాటాక ఇంటి వైర్లలోనే నేరుగా పుట్టేదాన్ని ఏం చేస్తుంది? ఆ టెన్షన్ ఉన్నవాళ్లు స్పేర్ రేడియో ఒకటి, అట్టలో చుట్టి, మూత బిగుతుగా పట్టే ఇనప డబ్బాలో పెట్టుకోవచ్చు.

మళ్లీ కొంటానా అంటే కొంటాను. ఈసారి కార్ట్రిడ్జ్ పోతే బయట బజర్ మోగించే అలారం కాంటాక్ట్ ఉన్న మోడల్ తీసుకుంటాను.