పికప్‌కి ఆల్ టెరైన్ టైర్లు: మెత్తనివా, మొండివా, ఏది మేలు?

టైర్ల గురించి అడిగేవాళ్లు దాదాపు అందరూ ఒకే మాట అడుగుతారు: "గట్టిగా ఉండాలి, ఎక్కువ కాలం రావాలి, ఏది కొనాలి?" చిక్కంతా ఆ ప్రశ్నలోనే ఉంది, ఎందుకంటే గట్టిగా ఉండటం వేరు, ఎక్కువ కాలం రావటం వేరు. టైరు రెండు రకాలుగా పోతుంది. మెల్లగా అరిగి అరిగి బోడి అయిపోవటం ఒకటి. ఇంకా సగం ట్రెడ్ (నేలకు ఆనే రబ్బరు) ఉండగానే పక్క చిరిగో, రాయి కోసుకుపోయో, సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద బుడగ లేచో పారేయాల్సి రావటం రెండోది. ఎక్కువగా తారు మీద తిరిగే బండికి మొదటి బాధ, రాళ్ల దారుల్లో తిరిగే బండికి రెండో బాధ. రెండోదాన్ని తట్టుకునేలా కట్టిన టైరు మొదటిదాన్ని కూడా తట్టుకుంటుందని అనుకుంటాం కానీ చాలాసార్లు జరిగేది దానికి రివర్సు.

అందుకే బ్రాండ్ల దాకా వెళ్లకముందు మీ పాత టైర్లు ఎలా పోయాయో చూడండి. బేరం సగం అక్కడే తేలిపోతుంది.

రకాల సంగతి త్వరగా చెప్పేస్తాను. హైవే టైరు (హెచ్‌టీ) తారు కోసం, ట్రెడ్ లోతు కొత్తగా ఉన్నప్పుడు 8, 9 మిల్లీమీటర్లు ఉంటుంది. ఆల్ టెరైన్ (ఏటీ) మధ్య రకం, బరువైన రకాల్లో లోతు 12 నుంచి 14 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. మడ్ టైరు (ఎంటీ) 15 అటూ ఇటూ, బటన్ల (ట్రెడ్ మీది రబ్బరు దిమ్మల) మధ్య పెద్ద పెద్ద ఖాళీలు, బురదను విసిరికొట్టటమే దాని పని. ఏటీకి, ఎంటీకి మధ్యలో ఈమధ్య రగ్గడ్ టెరైన్ (ఆర్‌టీ) అని ఒకటి వచ్చింది, నిట్టో రిడ్జ్ గ్రాప్లర్ లాంటివి ఈ కోవలోకి వస్తాయి. చూడటానికి ఎంటీలా గంభీరంగా ఉంటుంది, తారు మీద అంత గోల పెట్టదు. మీ దారిలో చక్రం మునిగే బురద రోజూ లేకపోతే ఎంటీ వద్దు. తడి తారు మీద బ్రేక్ కొడితే ఎక్కువ దూరం వెళ్లి ఆగుతుంది, హోరు చెవుల్లోనే ఉండిపోతుంది, అరుగుదల కూడా ఎక్కువ. ఫొటోల్లో బాగుంటుంది, అది మాత్రం ఒప్పుకోవాలి.

అసలు పోటీ ఏటీ లోపలే ఉంది. ఒకే పేరుతో, ఒకే ట్రెడ్ డిజైన్‌తో, ఒకే సైజులో రెండు మూడు రకాల టైర్లు అమ్ముతారు. ఒకటి కార్లకు, ఎస్‌యూవీలకు వాడే మామూలు కట్టుబడి, దీన్ని స్టాండర్డ్ లోడ్ అంటారు. రెండోది ఎల్‌టీ, అంటే లైట్ ట్రక్కు కట్టుబడి, దీని సైజు మొదట్లోనో చివర్లోనో ఎల్‌టీ అని అక్షరాలుంటాయి. ఎల్‌టీలో మళ్లీ లోడ్ రేంజ్ (బరువు మోసే స్థాయి) సీ, డీ, ‘ఈ’ అని ఇంగ్లీషు అక్షరాల్లో (C, D, E) ఉంటాయి. వీటినే 6 ప్లై, 8 ప్లై, 10 ప్లై అంటుంటారు. నిజానికి 10 ప్లై టైరును కోసి చూస్తే లోపల పది పొరలేమీ ఉండవు. నూలు పొరలతో టైర్లు చేసిన కాలంలో పది పొరలకు ఎంత బలం ఉండేదో ఇప్పటి పాలియెస్టర్, స్టీల్ పొరలు రెండు మూడింటితోనే అంత బలం ఇస్తాయని దాని లెక్క.

ఇప్పుడు 265/70 ఆర్17 సైజు తీసుకోండి, పికప్‌లలో బాగా కనిపించే సైజే. స్టాండర్డ్ లోడ్ టైరు మీద లోడ్ ఇండెక్స్ 115 అని ఉంటే ఒక్కో టైరు 1215 కిలోలు మోస్తుందని అర్థం. అదే సైజులో ఎల్‌టీ లోడ్ రేంజ్ సీ టైరు మీద 112 ఉంటుంది, అంటే 1120 కిలోలే. ఇది చూసి "బలమైన టైరు అన్నారు, తక్కువ మోస్తుందేంటి?" అని చాలామంది తికమక పడతారు. సంగతేంటంటే కారు టైరును పికప్ లాంటి బండికి వేసినప్పుడు దాని మీదున్న అంకెను 1.1తో భాగించుకోవాలి, ఎందుకంటే పికప్ మీద బరువులు పడే తీరు కారు కంటే మొరటు. 1215ని అలా భాగిస్తే 1105 వస్తుంది. అంటే మోసే విషయంలో స్టాండర్డ్‌కీ, ఎల్‌టీ సీకీ పెద్ద తేడా లేదు. లోడ్ రేంజ్ ‘ఈ’ (E) మాత్రం వేరే లెవెల్: 121, అంటే 1450 కిలోలు.

కానీ ఇక్కడే అసలు మెలిక ఉంది. స్టాండర్డ్ టైరు ఆ బరువును సుమారు 35 పీఎస్ఐ గాలితో మోస్తుంది. ఎల్‌టీ సీ తన 1120 కిలోలు మోయాలంటే 50 పీఎస్ఐ కావాలి. ‘ఈ’ (E) రేంజ్ టైరు తన 1450 మోయాలంటే 80. పైగా ఒకే సైజు ఎల్‌టీలో సీ అయినా, ‘ఈ’ అయినా 50 పీఎస్ఐ దగ్గర మోసే బరువు ఒకటే! అంటే ‘ఈ’ (E) రేంజ్ టైర్లు కొనుక్కొచ్చి, డోరు దగ్గరున్న స్టిక్కర్ చూసి 33 కొట్టించుకుని తిరిగితే బరువు మోయటంలో మీకు కలిసొచ్చిందేమీ లేదు, పాత స్టాండర్డ్ టైరు కంటే తక్కువే మోస్తుంది. ఆ స్టిక్కర్ కంపెనీ నుంచి బండితో వచ్చిన టైర్లకు రాసింది. ఎల్‌టీకి మారితే టైరు కంపెనీ ఇచ్చే లోడ్, గాలి పట్టిక చూసి పెంచుకోవాల్సిందే. తక్కువ గాలితో లోడ్ వేసి హైవే మీద తోలితే టైరు లోపల వేడెక్కుతుంది, వేడి ముదిరితే ట్రెడ్ ఊడి వచ్చేస్తుంది. ఇంత డబ్బు పోసి బలమైన టైరు కొని దాన్ని గాలి తక్కువతో చంపేసుకోవటం చాలా మామూలుగా జరిగేదే.

అలాగని ఖాళీ బండికి 60, 70 కొట్టించినా తిప్పలే. వెనక వైపు ఎగిరి ఎగిరి పడుతుంది, గతుకుల మట్టి రోడ్డు మీద చక్రం నేలను పట్టుకోదు, ట్రెడ్ మధ్యలోనే అరుగుతుంది. ఎంత సరిపోతుందో తెలుసుకోవటానికి తేలికైన పద్ధతి ఒకటుంది: ట్రెడ్ మీద అడ్డంగా సుద్దముక్కతో గీత గీసి నేరుగా కొంచెం దూరం నడపండి. మధ్యలో మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లో మాత్రమే చెరిగితే తక్కువ. అయితే సుద్ద ఏం చెప్పినా మీ లోడ్‌కి పట్టికలో ఉన్న అంకె కంటే కిందకి మాత్రం దిగకూడదు.

మరి ఎల్‌టీ వల్ల లాభమేంటి? బరువు కంటే దెబ్బలు తట్టుకోవటం. మందమైన సైడ్‌వాల్, లోతైన ట్రెడ్, ట్రెడ్‌కీ స్టీల్ బెల్టుకీ మధ్య ఎక్కువ రబ్బరు. పదునైన రాళ్ల మీద ఆ తేడా స్పష్టంగా కనబడుతుంది. ట్రెడ్‌లో మేకు దిగితే లోపలి నుంచి ప్యాచ్ వేయించుకోవచ్చు, సైడ్‌వాల్ చిరిగితే ఇక దానికి వైద్యం లేదు, టైరు మొత్తం పోయినట్టే. కాబట్టి రాళ్ల దారి వాళ్లకి ఎల్‌టీ ఖర్చు ఒకటి రెండు టైర్లు మిగిలితే చాలు, వచ్చేసినట్టే. సైడ్‌వాల్‌లో ఎన్ని పొరలున్నాయో టైరు మీదే చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది, ట్రెడ్‌లో ఇన్ని పాలియెస్టర్, ఇన్ని స్టీల్, ఇన్ని నైలాన్, సైడ్‌వాల్‌లో ఇన్ని పాలియెస్టర్ అని. షాపులో అమ్మేవాడు చెప్పే కబుర్ల కంటే ఆ ఒక్క లైను చదవటం నయం.

నష్టాలు కూడా వినండి. టైరుకి కొన్ని కిలోల బరువు పెరుగుతుంది, అది చక్రంతో పాటు తిరిగే బరువు కాబట్టి బండి వేగం అందుకోవటం మందగిస్తుంది, మైలేజీ తగ్గుతుంది, స్టీరింగ్ కొంచెం బద్ధకంగా అనిపిస్తుంది. ఇసుకలో గాలి దించినప్పుడు మెత్తటి స్టాండర్డ్ టైరు హాయిగా పరుచుకుంటుంది, ‘ఈ’ (E) రేంజ్ టైరు బిర్రుగా నిలబడుతుంది, ఇంకా దించాల్సి వస్తుంది. ఇక మొదట్లో నేనన్న మాటకి మంచి సాక్ష్యం టోయో ఓపెన్ కంట్రీ ఏటీ3. అమెరికాలో ఆ కంపెనీ దీని స్టాండర్డ్ సైజులకు 65,000 మైళ్ల ట్రెడ్ వారంటీ ఇస్తుంది, ఎల్‌టీ సైజులకు 50,000 మైళ్లే. పేరు అదే, డిజైన్ అదే, కానీ మొండి కట్టుబడికి కంపెనీయే తక్కువ దూరం హామీ ఇస్తోంది. పికప్‌లకు లోడ్ వేస్తారు, కొట్టుకుంటూ తోలుతారు అని కంపెనీకి తెలుసు మరి.

రబ్బరు విషయానికొస్తే, కంకర మీద తిరిగే టైర్ల అంచుల్లో ముక్కలు ముక్కలుగా రబ్బరు ఊడటం చూసే ఉంటారు. చెక్కినట్టు ఊడకుండా ఉండే మొండి మిశ్రమం తడి తారు మీద జారే గుణం తెచ్చుకుంటుంది, తడిలో బాగా పట్టుకునే మిశ్రమం రాళ్ల మీద తొందరగా చెక్కుకుపోతుంది. రెండూ నూటికి నూరు శాతం ఇచ్చే రబ్బరు లేదు, ఎవడైనా ఉందంటే నవ్వి ఊరుకోండి. కొనేటప్పుడు బటన్ల మీద ఉండే సన్నటి చీలికలు (సైప్‌లు అంటారు) ఎంత లోతుకి దిగాయో చూడండి. పైపైన ఉంటే టైరు సగం అరిగేసరికి అవి మాయం, అప్పటి నుంచి వానలో అది వేరే టైరు. అడుగు దాకా ఉన్నవైతే పట్టు చివరి దాకా కొంత మిగులుతుంది. గాడుల అడుగున చిన్న చిన్న మిట్టలు ఉంటాయి, అవి అలంకారం కాదు, ఇరుక్కున్న రాయి లోపలికి తొలుచుకుపోకుండా బయటికి తోసేవి.

బ్రాండ్లలో పాత కాపు బీఎఫ్ గుడ్రిచ్. 1976 నుంచి ఆల్ టెరైన్ టైర్లు చేస్తోంది, 2014లో కేఓ2 అనే మోడల్, 2024లో కేఓ3 వచ్చాయి. ఇప్పుడది మిషెలిన్ కింద ఉంది. సైడ్‌వాల్ మొండితనానికి కేఓ వరుసకు మొదటి నుంచీ పేరుంది, రాళ్ల దారి వాళ్లు దాని వైపు మొగ్గితే నేను కాదనను. ఫాల్కెన్ వైల్డ్‌పీక్ ఏటీ3డబ్ల్యూ, 2023లో వచ్చిన దాని తమ్ముడు ఏటీ4డబ్ల్యూ తడిలో, చలిలో పట్టుకి మంచి మార్కులు తెచ్చుకున్నవి, తారు, మట్టి కలిసిన దారికి ఇవి సరిగ్గా సరిపోతాయి. టోయో ఏటీ3 ఇంకొంచెం తారు వైపు వంగిన మనిషికి. మంచు పడే చోట తిరిగితే పక్కన మూడు శిఖరాల కొండలో మంచురేకు బొమ్మ ఉందో లేదో చూడండి, అది పరీక్షలో నెగ్గితేనే వేస్తారు. ఉత్త ఎం ప్లస్ ఎస్ (M+S, అంటే బురద, మంచు) అక్షరాలు ట్రెడ్ ఆకారాన్ని బట్టి వేసుకునేవి, వాటికి ఏ పరీక్షా ఉండదు.

నా తీర్పు అడిగితే: బండి ఎక్కువ శాతం తారు మీదే ఉండి, వారాంతాల్లో మట్టి దారి తొక్కి, లోడ్ పెద్దగా వేయకపోతే స్టాండర్డ్ లోడ్ ఏటీనే తీసుకోండి, ఎల్‌టీ మోజు వద్దు. రోజూ కంకర, మామూలు లోడ్ అయితే ఎల్‌టీ సీ, అది మీ సైజులో దొరికితే. నా దృష్టిలో అందరూ పట్టించుకోకుండా వదిలేసే మంచి టైరు అదే, దెబ్బలు తట్టుకుంటుంది, ఒళ్లు హూనం చేయదు. కేఓ2 265/70 ఆర్17లో సీ (C), ‘ఈ’ (E) రెండు రేంజ్‌లూ వచ్చేవి, అయినా జనం కళ్లు మూసుకుని 10 ప్లై అనే అడిగేవాళ్లు. ట్రైలర్ లాగేవాళ్లకి, నిండా లోడ్ వేసేవాళ్లకి, పదునైన రాళ్ల మధ్య ఒంటరిగా తిరిగేవాళ్లకి మాత్రం ‘ఈ’ (E) రేంజే సరి, అక్కడ రాజీ పడకండి.

సైజు పెంచుదామనే టెంప్టేషన్ గురించి ఒక మాట. 265/70 నుంచి 285/70కి వెళితే చక్రం ఎత్తు సుమారు 803 మిల్లీమీటర్ల నుంచి 831కి పెరుగుతుంది, అంటే మూడున్నర శాతం. మీటర్ 100 చూపిస్తుంటే మీరు నిజానికి 103 దాటి పోతుంటారు, ఇంజిన్‌కి గేరు బరువెక్కుతుంది, మలుపుల్లో ఫెండర్‌కో మడ్‌ఫ్లాప్‌కో రాసుకోవచ్చు. నేల నుంచి ఎత్తు పెరిగేది మాత్రం అందులో సగం, 14 మిల్లీమీటర్లు. అంతకోసం ఇదంతా అవసరమా అనేది మీ ఇష్టం.

చివరగా, నాలుగు కాదు, ఐదు కొనండి. స్టెప్నీ వేరే ఎత్తులో ఉంటే ఫోర్ వీల్ డ్రైవ్ వేసినప్పుడు గేర్ల మీద ఒత్తిడి పడుతుంది, పైగా ఐదూ ఒకేసారి కొని 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకోసారి అన్నిటి స్థానాలనూ వరసగా మార్చుకుంటూ పోతే ఏటీ టైర్లకు సహజంగా వచ్చే రంపపు పళ్ల అరుగుదల తగ్గుతుంది, హోరూ తగ్గుతుంది. బిగించే ముందు ప్రతి టైరు పక్కనా డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల చివర ఉండే నాలుగంకెలు చూడండి: 1424 అంటే 2024లో 14వ వారంలో చేసింది. ఐదింటిలో ఒకటి రెండేళ్ల పాతది ఇరికిస్తుంటే అక్కడే వెనక్కి ఇచ్చేయండి, రిమ్ముకి ఎక్కించాక ఎవరూ తీసుకోరు.