పారేయమన్న ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తోనే ఇంకో 60 వేల కిలోమీటర్లు తిరిగినా, నా అనుభవం

మాది పలమనేరు పక్కన ఊరు, ఉద్యోగం బెంగళూరులో. 2016లో సెకండ్ హ్యాండ్‌లో 2011 మోడల్ డీజిల్ ఫోర్ బై ఫోర్ కొన్నా. లారీ మాదిరి ఛాసిస్ మీద బాడీ కూర్చోబెట్టిన రకం, 5 స్పీడ్ టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ లాగుడును ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) ఆటోమేటిక్, అప్పటికి 92 వేలు తిరిగింది. ఇప్పుడు 2 లక్షల 33 వేలు. ఈ బండంటే నాకు ప్రాణం, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

1 లక్షా 70 వేలు దాటినాక మొదలైంది తలనొప్పి. పొద్దున్నే తీస్తే ఏమీ ఉండదు, బెంగళూరు టిన్ ఫ్యాక్టరీ దగ్గర అరగంట ట్రాఫిక్‌లో నలిగినాక మాత్రం రివర్స్ వేస్తే రెండు మూడు సెకన్లు అట్లే నిలబడి తర్వాత దబ్బుమని పడేది, రెండు నుంచి మూడుకి మారేటప్పుడు ఇంజిన్ ఊరికే అరుస్తాది గానీ బండి లాగదు. ఒకరోజు అమ్మను చిత్తూరులో ఆసుపత్రికి చూపించి తిరిగొస్తా మొగిలి ఘాట్ ఎక్కుతా ఉంటే మూడో గేర్‌లోనే పట్టేసింది, డ్యాష్‌బోర్డు మీద లైటు, వెనకాల లారీల హారన్లు. పక్కకి ఆపి అరగంట చల్లారినాక స్టార్ట్ చేస్తే మామూలుగా పోయింది. చల్లారితే బాగవుతా ఉంది అనేదే అసలు ఆధారం అని నాకప్పుడు తట్టలేదు.

పెద్ద వర్క్‌షాప్‌కి పోతే స్కానర్ పెట్టి, బాక్స్ మొత్తం మార్చాలి, 3 లక్షల 80 వేలు అన్నారు. ఛాంబర్ (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పళ్ళెం) విప్పలేదు, కనీసం ఆయిల్ లెవెల్ చూసే డిప్‌స్టిక్ తీసి చూడలేదు, ఇది నాకు ఇప్పటికీ బాధే. స్కానర్ చూపించిన తప్పుల కోడ్లు మాత్రం నేను రాసుకున్నా, పి0700, పి0753. మొదటిది గేర్‌బాక్స్ వైపు ఏదో తప్పుంది అని చెప్పేది మాత్రమే, రెండోది షిఫ్ట్ సోలినాయిడ్ "A" (గేర్ మారేదానికి ఆయిల్ దారి తెరిచి మూసే కరెంటు వాల్వు) కరెంటు సర్క్యూట్ గురించి. అంటే లోపల క్లచ్ ప్లేట్లు అరిగినాయి అని ఆ కోడ్లు ఎక్కడా చెప్పడం లేదు కదా.

చివరికి బెంగళూరు జేసీ రోడ్ వెనక సందులో ఒక మెకానిక్ దొరికినాడు, చింతామణి మనిషి, మన తెలుగే. "బాక్స్ దించే మాట తర్వాత అన్నా, ముందు ఆయిల్ చూద్దాం" అన్నాడు. బండి బాగా వేడెక్కినాక, సమంగా ఉన్న చోట, ఇంజిన్ ఆన్‌లోనే పెట్టి, బ్రేక్ తొక్కి అన్ని గేర్లూ ఒకసారి వేసి మళ్ళీ పార్క్‌లోకి తెచ్చి అప్పుడు డిప్‌స్టిక్ తీసినాడు. తెల్లగుడ్డ మీద తుడిస్తే ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ డికాక్షన్ రంగులో ఉంది, మాడిన వాసన, లెవెల్ కూడా గుర్తు కంటే బాగా కింద. గేర్‌బాక్స్ వెనక చివర టెయిల్ సీల్ (ఆయిల్ బయటికి రాకుండా ఆపే రింగు) కారతా ఉంది. రివర్స్ ఆలస్యంగా పడేదానికి కారణం ఇదే, ఆయిల్ తక్కువైతే ప్రెషర్ రాదు.

తర్వాత మల్టీమీటర్ తీసినాడు. చల్లగా ఉన్నప్పుడు కనెక్టర్ పిన్నుల దగ్గర కొలిస్తే సోలినాయిడ్లన్నీ మాన్యువల్‌లో ఉన్న ఓమ్స్ లెక్కలోనే ఉన్నాయి. ఇంకొకరైతే అక్కడ వదిలేసేవాళ్ళు. ఈయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని లాల్‌బాగ్ చుట్టుపక్కల ముప్పావు గంట ట్రాఫిక్‌లో తిప్పి, ఆ వేడి మీదే మళ్ళీ కొలిచినాడు, ఒకదానికి మీటర్‌లో రీడింగే లేదు. కాయిల్ వేడికి తెగిపోతా ఉంది, చల్లారితే అతుక్కుంటా ఉంది. ఘాట్ మీద జరిగింది అదే.

ఛాంబర్ విప్పినాక అడుగున ఉండే అయస్కాంతం తీసి నా అరచేతిలో పెట్టినాడు. కాటుక మాదిరి మెత్తటి బూడిదరంగు పేస్టు, వేళ్ళతో నలిపితే గరుకు లేదు. అది మామూలు అరుగుదల అంట, మెరిసే ఇనుప ముక్కలు కనిపించి ఉంటే బాక్స్ దించాల్సిందే. ఆ రెండు నిమిషాలు నా గుండె ఎట్లా కొట్టుకుందో నాకే తెలుసు.

సోలినాయిడ్, ఫిల్టర్, ప్యాకింగ్, టెయిల్ సీల్ మార్చి, రేడియేటర్ ముందు విడిగా ఒక ఆయిల్ కూలర్ బిగించినాడు. ఛాంబర్ నుంచి 4 లీటర్లే వస్తాది, మిగతాది కన్వర్టర్‌లోనే ఉండిపోతాది, అందుకే వారానికొకసారి లెక్కన మూడుసార్లు దించి పోసినాం. ఎర్రగా ఉండేదంతా ఒకటే ఆయిల్ కాదు, మీ బండి మాన్యువల్‌లో ఏ గ్రేడ్ రాసుంటే అదే పోయించండి. మొత్తం 31 వేలు అయింది.

ఆ తర్వాత 60 వేల పైనే తిరిగినా. రివర్స్ వెంటనే పడతాది, రెండు నుంచి మూడు అరుపు పోయింది. అంతా కొత్తదిలా ఉందని చెప్పను, 2 లక్షల 10 వేల దగ్గర 65, 70 స్పీడ్‌లో సన్నగా వణుకు మొదలైంది, కన్వర్టర్ లాకప్ క్లచ్ (స్పీడ్ అందుకున్నాక ఇంజిన్‌ని, గేర్‌బాక్స్‌ని నేరుగా కలిపేది) అంట, ఆయిల్ మార్చితే తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. అది ముదిరితే మాత్రం బాక్స్ దించాల్సిందే, అందుకు డబ్బు పక్కన పెడతా ఉన్నా. ఇంకోటి, పాత రేడియేటర్ లోపల ఉండే గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్ పగిలితే నీళ్ళు ఆయిల్‌లో కలిసి గులాబీరంగు పాలమాదిరి అవుతాది, బాక్స్ మొత్తం పోతాది, కాబట్టి రేడియేటర్ విషయంలో పిసినారితనం వద్దు. దారిలో ఆగిపోతే తాడు కట్టి లాగించొద్దు, ఇంజిన్ ఆగితే పంపు తిరగదు, లోపల ఆయిల్ అందదు, బండిని పైకెక్కించుకుని పోయే ఫ్లాట్‌బెడ్ లారీ పిలవండి.

పోయిన ఆదివారం కింద పడుకుని చూస్తే టెయిల్ సీల్ దగ్గర మళ్ళీ కొంచెం తడి కనిపించింది. జీతం పడగానే జేసీ రోడ్‌కి పోవాలి.