పాత యెజ్డీకి క్లబ్బు కావాలి: అరకులో మోసం, మారేడుమిల్లిలో ఊరట

ఘాట్ దిగేటప్పుడు టూ స్ట్రోక్ మోటారుసైకిలును (పెట్రోల్లోనే ఆయిలు కలిపి నడిపే పాత రకం బండిని) చిన్న గేరులో వేసి యాక్సిలరేటర్ పూర్తిగా మూసెయ్యమని చెప్పే కెప్టెన్ ఉన్న క్లబ్బుకు ఒక్క రూపాయి కూడా కట్టకండి. టీ షర్టు ఎంత బాగున్నా సరే. ఎందుకో చెబుతాను.

నాది 1983 నాటి యెజ్డీ రోడ్‌కింగ్, నాన్నగారు వాడిన బండి. మా బావది (మా ఆవిడకు అన్నయ్య) 1969 నాటి జావా 250. రెండూ మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారంలో పుట్టినవే. ఆ కర్మాగారం 1961లో బళ్ళు తయారు చేయడం మొదలుపెట్టి 1996లో మూతపడింది. 2018లో జావా పేరు మళ్ళీ మార్కెట్లోకి వచ్చింది కానీ ఆ కొత్త బళ్ళు ఫోర్ స్ట్రోక్‌వి, వాటి సామాను మన వాటికి పనికిరాదు. బుల్లెట్ వాళ్ళకు ఇంత బాధ లేదు. 1955లో మద్రాసులో మొదలైన ఆ బండి ఇప్పటికీ తయారవుతూనే ఉంది, దేశంలో ఏ మూలకు వెళ్ళినా దాన్ని విప్పగలిగిన మెకానిక్ ఒకడు దొరుకుతాడు. జావా, యెజ్డీ, రాజ్‌దూత్ 350 యజమానులకు మాత్రం తమలో తామే దిక్కు. ఒకరి దగ్గర క్లచ్ ప్లేట్లు, ఇంకొకరి దగ్గర కండెన్సర్, మరొకరి దగ్గర పాయింట్లు (ప్లగ్గుకు నిప్పురవ్వ సమయానికి అందేలా చూసేవి) సరిచేసే చెయ్యి. మాకు క్లబ్బు కావలసింది అందుకే.

విశాఖలో ఒక క్లబ్బు ఉందనీ, అరకు యాత్ర పెడుతున్నారనీ బావే కనిపెట్టాడు. చేరడానికి మనిషికి 2,500. అందులో ఒక టీ షర్టు, గుడ్డ మీద కుట్టిన బ్యాడ్జీ, ట్యాంకుకు అంటించుకునే స్టిక్కరు. యాత్రకు వేరే: ఒక్కరైతే 5,400, వెనక ఇంకొకరు ఉంటే 7,800. ఒక రాత్రి కాటేజీ, భోజనాలు, బండి ఆగితే ఎక్కించుకునే వ్యాను, మెకానిక్, అన్నీ అందులోనే అన్నారు. రాజమహేంద్రవరం నుంచి విశాఖ దాకా జాతీయ రహదారి మీద చెప్పుకోవలసినదేమీ జరగలేదు.

మర్నాడు బయలుదేరేటప్పుడు చూస్తే నలభైకి పైగా బళ్ళున్నాయి, అందులో సగం నిన్న మొన్న షోరూములో కొన్నవి. పాత బళ్ళ క్లబ్బులో ఇవేమిటని అడిగితే, సభ్యుల సంఖ్య పెరగాలి కదండీ అన్నారు అధ్యక్షులవారు. ఆ కొత్త బళ్ళు గంటకు ఎనభైలో దూసుకుపోయాయి. రోడ్‌కింగ్ కూడా అంత వేగం పోగలదు, కానీ మా ఆవిడ వెనక కూర్చుని ఉండగా, శృంగవరపుకోట దాటాక ఘాట్ ఎక్కుతూ పోవలసిన వేగం కాదది. అనంతగిరి ఇంకా రాకముందే నా ప్లగ్గు మసిపట్టి ఆగింది. ప్లగ్గు పానా నా జేబులోనే ఉంటుంది కనుక విప్పి, రెండు కొనల మధ్య పేరుకున్న మసి గోటితో గీకి, బట్టతో తుడిచి బిగించాను. ఈలోగా మమ్మల్ని దాటిన వాళ్ళలో ఆగినవాడు బావ ఒక్కడే. వెనకబడిన వాళ్ళను చూసుకోవడానికి చివరి బండిగా ఎవరినీ పెట్టలేదన్న సంగతి అక్కడ తెలిసింది.

ఇక వ్యాను. గాలికొండ దగ్గర కాఫీ తాగుతుండగా అది కనబడింది. లోపల రెండు పెద్ద స్పీకర్లు, జనరేటరు, బ్యానర్ల కట్టలు. బండి ఎక్కించడానికి మూరెడు జాగా లేదు. మెకానిక్ అని చెప్పిన కుర్రవాడు ఒక కంపెనీ సర్వీసు సెంటరులో పనిచేస్తాడట. బావ జావా కిక్ రాడ్ ఎక్కడుందో వెతుకుతూ బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. పాత జావాలో కిక్, గేరు రెండింటికీ ఒకటే రాడ్ అనీ, లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్ అవుతుందనీ తెలియనివాడు దాన్ని బాగుచేస్తాడా? కాఫీ మాత్రం చాలా బాగుంది, ఆ రోజుకు దక్కిన సుఖం అదే.

కాటేజీ అన్నది గుడారంగా తేలింది. నలుగురికి ఒకటి. మా ఆవిడను ముక్కూ ముఖం తెలియని ముగ్గురు మగవాళ్ళతో కలిపి వేశారు. అదేమిటని అడిగితే, వాళ్ళూ కుటుంబాల వాళ్ళేనండీ, ఏమీ అనుకోకండి అన్న జవాబొకటి! వేరే గదికి 3,200 అడిగారు. బేరమాడితే 2,600కు ఇచ్చారు. వేడి నీళ్ళ బకెట్టుకు 60, అదనంగా దుప్పటి కావాలంటే 100. మంట వేసి పాటలు పెడితే అర్ధరాత్రి దాటినా ఆగలేదు. పాత బళ్ళ గురించి అక్కడ ఎవరూ మాట్లాడలేదు.

అన్నట్టు మరిచాను, మాట్లాడారు. భోజనాల దగ్గర అధ్యక్షులవారు మా ఇద్దరినీ పక్కకు పిలిచి, మీ బళ్ళకు వింటేజ్ నంబర్లు ఇప్పిస్తాం, ఒక్కొక్కటికి 35,000 అవుతుంది, ఇక ఏ తనిఖీ ఉండదు అన్నారు. ఇది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనలు చాలా స్పష్టంగా ఉన్నాయి. మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి యాభై ఏళ్ళు దాటాలి, బండి అసలు రూపంలోనే ఉండాలి. అప్పుడు వీఏ అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000, గడువు పదేళ్ళు, తరువాత మళ్ళీ చేయించుకోవడానికి 5,000. నా యెజ్డీకి 2033 వరకు ఆ అర్హతే రాదు. బావ జావాకు వస్తుంది కానీ, ఆ నంబరు పెట్టుకున్న బండిని రోజువారీ పనులకు రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతు, పెట్రోలు వంటి వాటికే తీయాలి. బావ రోజూ రైతు బజారుకు వెళ్ళేది ఆ జావా మీదే. ఇరవై వేల పనికి ముప్పయి అయిదు వేలు పుచ్చుకుని, పైగా బండిని ఇంట్లో కట్టేయించే బేరమన్నమాట. మీ క్లబ్బులో ఎవరైనా ఈ మాట ఎత్తితే ముందు నిబంధనలు చదువుకోండి.

మొదట్లో చెప్పిన కెప్టెన్ దగ్గరికి వస్తున్నాను. తిరుగు ప్రయాణంలో ఘాట్ మొదలయ్యే ముందు ఆయన అందరినీ నిలబెట్టి ఉపన్యాసమిచ్చాడు. చిన్న గేరు వేయండి, యాక్సిలరేటర్ వదిలేయండి, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది అని. ఫోర్ స్ట్రోక్‌కు ఆ మాట సరే, దాని ఆయిలు వేరే ఉంటుంది. మన బళ్ళలో ఆయిలును పెట్రోల్లోనే కలుపుతాం, లీటరుకు ముప్పయి నుంచి నలభై మిల్లీలీటర్లు. పిస్టన్‌కు తడి అందేది ఆ పెట్రోలుతోనే. యాక్సిలరేటర్ మూస్తే పెట్రోలు సరిపడా రాదు, ఆయిలూ రాదు. వాలులో చక్రం మాత్రం ఇంజన్ను తిప్పుతూనే ఉంటుంది. అలా పొడిగా తిరిగి తిరిగి పిస్టన్ బోరును (తను కదిలే గొట్టాన్ని) పట్టేస్తుంది. దిగేటప్పుడు మధ్యమధ్య క్లచ్ పట్టి కాస్త రేసు ఇవ్వాలి, వేగాన్ని బ్రేకులతోనే అదుపు చేసుకోవాలి. డ్రమ్ము బ్రేకులు వేడెక్కితే ఆగి చల్లార్చుకోవాలి. బావ ఈ మాటే అక్కడ అనబోతే, మీరు వెనక లైన్లో నిలబడండి సార్ అన్నాడా కెప్టెన్. బావకు పౌరుషమెక్కువ, సరే నువ్వు చెప్పినట్టే దిగుతానని దిగాడు. టైడా దాటగానే జావా కీచుమని అరిచి, వెనక చక్రం బిగుసుకుని రోడ్డు మీద నల్లటి చార గీసింది. వెంటనే క్లచ్ పట్టాడు కనుక పడలేదు.

అధ్యక్షులవారికి ఫోను చేశాను. "వ్యాను చాలా ముందుకు వచ్చేసిందండీ, అక్కడే ఏదో ఒకటి చూసుకోండి" అన్నారు. మా ఆవిడ నా చేతిలోంచి ఫోను లాక్కుని ఆయనతో అన్న మాటలు ఇక్కడ రాయను. బావ మైలురాయి మీద కూర్చుని, నాతో కూడా మాట్లాడకుండా, చల్లారుతున్న ఇంజను టిక్కుటిక్కుమనడం వింటున్నాడు. కూరగాయలు దించి తిరిగి వెళుతున్న ట్రాలీ ఆటో ఒకటి దొరికింది. శృంగవరపుకోటకు 1,800. ఎక్కువే, కానీ ఆ డ్రైవరు జావాను ఎక్కించడానికి పలక తెచ్చి, ట్యాంకుకు గీత పడకుండా తన తువ్వాలు చుట్టి కట్టాడు.

అతనే మమ్మల్ని ఒక పెద్దాయన షెడ్డుకు తీసుకువెళ్ళాడు. రేకుల కప్పు, గోడకు వేలాడే పాత గ్యాస్కెట్లు. ఆయన బండిని చూసి ఏమీ అడగలేదు. హెడ్డు విప్పి, బోరు పైకి లాగి, పిస్టన్‌ను వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒక పక్క అల్యూమినియం కరిగి పూసినట్టు బోరుకు అంటుకుంది, కింది రింగు గాడిలో ఇరుక్కుపోయింది. సన్నటి వాటర్ పేపరును కిరసనాయిలులో ముంచి, బోరు లోపల వేలితో నెమ్మదిగా, ఒకే చోట కాకుండా చుట్టూ రుద్దాడు. మధ్యలో గోరు పెట్టి తడిమి చూసుకుంటూ మళ్ళీ రుద్దాడు. రింగును బ్లేడు ముక్కతో ఊడదీసి గాడి శుభ్రం చేశాడు. బిగించాక బావను పక్కకు జరగమని, రాడ్‌ను తనే లోపలికి నొక్కి తిప్పి ఒక్క తన్ను తన్నాడు. రెండు సైలెన్సర్లూ పొగ వదిలాయి. "కొత్త పిస్టను వేసుకునే దాకా నలభై దాటకండి" అన్నాడు. తీసుకున్నది 700. వెయ్యి ఇస్తే మూడు వందలు తిరిగి చేతిలో పెట్టాడు.

జావా దీపం ఆరు వోల్టులది, చీకట్లో దానితో రోడ్డు కనబడదు. అందుకని ఆ రాత్రి అక్కడే లాడ్జిలో ఉన్నాం. గదికి 900, ఉతికిన దుప్పట్లు, అడగకుండానే వేడినీళ్ళు. గుడారం పుణ్యమా అని మా ఆవిడకు ఆ గది మహా నచ్చింది.

రెండో క్లబ్బు సంగతి ఆ పెద్దాయనే చెప్పాడు. గోదావరి జిల్లాల వాళ్ళది, ఇరవై మందికి మించరు. ఏడాదికి 600. టీ షర్టు లేదు. చేర్చుకునే ముందు వాళ్ళే మా బళ్ళు చూడటానికి ఇంటికి వచ్చారు, నా పాయింట్ల మధ్య ఖాళీ ఎక్కువైందని కొలిచి సరిచేసి వెళ్ళారు. వీళ్ళతో మారేడుమిల్లి వెళ్ళాం. రాజమహేంద్రవరం నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా సుమారు 85 కిలోమీటర్లు. మనిషికి 300 ఉమ్మడి ఖర్చు, గది ఎవరిది వారే చూసుకోవాలి, మాకు 1,400 పడింది. ముందు బండిని ఎవరూ దాటకూడదు, చివరి బండికి వెనక ఎవరూ ఉండకూడదు. ఆ చివరి బండి ఒక రిటైరైన టర్నరుగారి బుల్లెట్. ఆయన పెట్టెలో జావాకు, యెజ్డీకి, రాజ్‌దూత్‌కు కేబుళ్ళు, కండెన్సర్లు, ప్లగ్గులు, ఆయిలు సీళ్ళు వేరువేరు సంచుల్లో ఉంటాయి. వాడుకున్నవాడు ధర పుస్తకంలో రాసి డబ్బు పెట్టాలి. వేగం యాభై లోపు, ప్రతి నలభై కిలోమీటర్లకు ఒకసారి ఆపి ఇంజన్లు చల్లారుస్తారు. ఎవరి బండీ ఆగలేదు కాబట్టి ప్రయాణం గురించి ఇంకేమీ చెప్పడానికి లేదు. బొంగు చికెన్ ఒక బొంగుకు 350, కారం కాస్త ఎక్కువ, బావ రెండు లాగించాడు.

వీళ్ళూ దేవతలేమీ కారు. కూడటం తెల్లవారుజామున నాలుగున్నరకట! అయిదు నిమిషాలు ఆలస్యమైతే అందరి ముందూ చీవాట్లు. ఇథనాల్ కలిపిన పెట్రోలు రబ్బరు సామాను తినేస్తుందా లేదా అని భోజనాల దగ్గర రెండు గంటల వాదన. నేను దీపానికి పన్నెండు వోల్టులు పెట్టించానని ఒక పెద్దమనిషి నా బండి వంక చూడటమే మానేశాడు. బండి ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉండాలన్న పట్టుదల ప్రదర్శనకు మంచిదే, రాత్రి ఇంటికి చేరాలంటే దీపం వెలగాలి. అయినా ఆయన కూడా తన సామాను పెట్టె తాళం అందరికీ ఇస్తాడు, దాని ముందు ఈ చిన్నచూపు నాకు లెక్కలోది కాదు.

చేరబోయే వాళ్ళు నాలాగే ముఖం మీద అడగండి: చివరి బండి ఎవరిది, వ్యానులో ఏముంటుంది, నిరుటి డబ్బు లెక్క ఎక్కడుంది. మొదటి క్లబ్బులో మూడో ప్రశ్నకు నవ్వారు. రెండో క్లబ్బులో నోటుబుక్కు తెచ్చి చేతికిచ్చారు. నిరుటి మిగులు 4,130, టీ ఖర్చులతో సహా రాసి ఉంది.

మొదటి క్లబ్బుకు యాత్ర డబ్బులో సగమైనా వెనక్కివ్వమని రాశాను. వచ్చే యాత్రలో సర్దుతామన్నారు. బావ సర్దుబాటుకు ఒప్పుకోవడం లేదు, వినియోగదారుల కమిషన్‌కు వెళతానంటున్నాడు. ట్రాలీ ఆటో డ్రైవరు రాసిచ్చిన చీటీ, గది రసీదు దాచిపెట్టాడు. జూలై రెండో ఆదివారం జావా యెజ్డీ దినోత్సవానికి మేం కొత్త వాళ్ళతోనే బయలుదేరుతున్నాం. నాలుగున్నరను అయిదున్నర చేయాలనీ, ఆడవాళ్ళకు మరుగుదొడ్డి ఉన్న చోటే బళ్ళు ఆపాలనీ మా ఆవిడ వాళ్ళ సమావేశంలోనే లేచి అడిగింది. రెండోదానికి ఒప్పుకున్నారు.