ఎన్‌పీటెల్ ఆల్గరిథమ్స్ కోర్సు: ఉద్యోగం చేసుకుంటూ రెండుసార్లు చూశాక

ముందే చెప్పేస్తున్నా, ఈ కోర్సు నాకు ఉద్యోగం తెచ్చిపెట్టలేదు. ఉన్న ఉద్యోగం మాన్పించింది.

మాదాపూర్‌లో ఒక కంపెనీలో ఆరేళ్లు జావా రాశాను. బ్యాంకు పేమెంట్ల ప్రాజెక్టు. శుక్రవారం రాత్రి రిలీజు, శనివారం మధ్యాహ్నం దాకా తలగడ పక్కన ఫోను. రీసెర్చ్ వైపు వెళ్లాలని ఎప్పట్నుంచో ఉంది. కానీ బీటెక్‌లో ఆల్గరిథమ్స్ (కంప్యూటరు చేత ఒక పనిని అంచెలంచెలుగా చేయించే పద్ధతులు) పేపరు నేను పాసయ్యానే గాని చదవలేదు. పరీక్ష ముందు రోజు రాత్రి గైడు తిరగేసి గట్టెక్కిన బ్యాచ్ మాది. అందుకే ఎంటెక్, పీహెచ్‌డీ సీట్లకు రాసే గేట్ పరీక్షకి ఫారం నింపేముందు ఇక్కడ మొదలుపెట్టాను.

ఎన్‌పీటెల్ తెలియని ఇంజినీరింగ్ పిల్లలు ఇప్పుడు లేరనుకోండి. కాలేజీ పాఠాలను వీడియోలుగా ఇంటర్నెట్‌లో పెట్టే దీన్ని ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టాయి. వీడియోలకు పైసా కట్టక్కర్లేదు. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. నేను కట్టినప్పుడు 1000 రూపాయలు. చాలా కోర్సుల్లో ఇంట్లో చేసే అసైన్‌మెంట్లకు 25 మార్కులు, సెంటరుకెళ్లి రాసే పరీక్షకు 75. మొత్తం 40 వస్తే చాలనుకుంటారు గాని, అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 విడివిడిగా రావాలి. ఇది చూసుకోకుండా చివర్లో ఏడ్చినవాళ్లు మా టీమ్‌లోనే ఇద్దరున్నారు.

నేను చూసింది 'డిజైన్ అండ్ అనాలిసిస్ ఆఫ్ ఆల్గరిథమ్స్', ఎనిమిది వారాలది. చెప్పేది చెన్నై మేథమేటికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రొఫెసర్ మాధవన్ ముకుంద్. అరుపులు, 'ఫ్రెండ్స్, ఇది చాలా ఇంపార్టెంట్' లాంటివి ఉండవు. మొదటి వారంలోనే ఒక జెరాక్స్ షాపు లెక్క వస్తుంది: చేతిలో ఇన్ని ఆర్డర్లున్నప్పుడు ఏది ముందు, ఏది తర్వాత చేయాలి? అమీర్‌పేటలో జెరాక్సు క్యూలో నిలబడ్డ ఎవరికైనా ఆ బాధ వెంటనే అర్థమవుతుంది. నాకు ఆయన మీద గురి అక్కడే కుదిరింది.

నన్ను పూర్తిగా కట్టిపడేసింది మాత్రం ఇన్వర్షన్లు లెక్కపెట్టే పాఠం. ఇద్దరి ఇష్టాలు ఎంత దగ్గరగా ఉన్నాయో కొలవడం. ఇన్వర్షన్ అంటే ఒకరి వరసకీ ఇంకొకరి వరసకీ మధ్య తిరగబడిన జంట. నేను కరెంటు బిల్లు వెనక మా తమ్ముడితో పోల్చి చూసుకున్నా. నా వరసలో ఇడ్లీ 1, దోసె 2, పూరీ 3, ఉప్మా 4. వాడి వరస పూరీ, ఇడ్లీ, ఉప్మా, దోసె. అంటే 3 1 4 2. ప్రతి జంటనీ పోల్చుకుంటూ పోతే మూడు చోట్ల తిరగబడింది. నాలుగు టిఫిన్లకైతే సరే, లక్ష పాటల జాబితా అయితే? దానికి మెర్జ్ సార్ట్ అనే సర్దే పద్ధతి వాడతారు. వరసను రెండు సగాలు చేయాలి. 3 1లో ఒక తప్పు, 4 2లో ఒకటి. రెండిటినీ సర్దితే 1 3, 2 4. ఇప్పుడు కలిపేటప్పుడు కుడివైపు 2 ముందుకొచ్చినప్పుడు ఎడమవైపు ఇంకా ఎన్ని మిగిలున్నాయో చూడాలి. 3 ఒక్కటే. ఇంకొకటి కలిపితే మూడు. ఎలాగూ చేస్తున్న సార్టింగ్‌లోనే లెక్క కూడా తేలిపోయింది! ఆరేళ్లు జావాలో జాబితాలు సర్దడానికి 'కలెక్షన్స్ డాట్ సార్ట్' అని టైపు చేసినదాన్ని, దాని లోపల నడిచేది ఈ మెర్జ్ సార్ట్ తరహాదేనని ఆ రాత్రి గాని వెతికి చూడలేదు.

ఉద్యోగం మానేస్తానని నాన్నకు చెప్పినప్పుడు ఇంట్లో పెద్ద టెన్షన్. గేట్‌తో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయలు, పీహెచ్‌డీకి వెళ్తే 2023 నుంచి జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్ నెలకు 37,000. నా జీతంతో పోలిస్తే రెండూ చిల్లరే. మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు కూడా సివిల్ ఇంజినీరింగ్ చదివి, ఆస్ట్రేలియాలో ఐబీఎంలో పనిచేసి, ఆ తర్వాతే కదా స్టాన్‌ఫోర్డ్‌లో పీహెచ్‌డీ చేసింది, 1994లో కంప్యూటర్ సైన్స్‌లో అతిపెద్ద బహుమతి ట్యూరింగ్ అవార్డు తెచ్చుకుంది అన్నాను. నాన్న మజ్జిగ తాగడం ఆపి, 'ఆయనకు హోమ్ లోన్ ఉండిందా అమ్మా?' అన్నారు. జవాబు లేదు నా దగ్గర.

కోర్సు ఎక్కడిదాకా పనికొస్తుందో నాకు ఇంటర్వ్యూలో తెలిసింది. రీసెర్చ్ సీటు కోసం మొదటిసారి వెళ్లిన చోట (పేరెందుకులెండి) గ్రీడీ పద్ధతి (ప్రతి అడుగులో అప్పటికి మంచిదనిపించింది తీసేసుకోవడం) మీద ఒక లెక్కిచ్చారు. ఒక హాలు, బోలెడు బుకింగులు, వీలైనన్ని ఎక్కువ ఒప్పుకోవాలి. అన్నిటికంటే చిన్న బుకింగు ముందు తీసుకుంటానన్నా. 'అది ఎప్పుడూ సరైన జవాబే ఇస్తుందా?' అన్నారు. 'టెస్ట్ కేసులు రన్ చేసి చూస్తా సర్.' 'ఎన్ని రన్ చేస్తే చాలు?' అంతే, నోరు పెగల్లేదు. రెండు పెద్ద బుకింగుల మధ్య రెండిటికీ అడ్డంగా ఒక చిన్నది పెడితే నా పద్ధతి కూలిపోతుంది. ఈ ఉదాహరణ కోర్సులో ఉంది. నేను ఆ వారం 2 ఎక్స్ స్పీడులో చూసేశా, మెట్రోలో నిలబడి.

అందుకే మరుసటి ఏడాది మొత్తం మళ్లీ చూశాను, ఈసారి పెన్సిలు పట్టుకుని. ముందుగా ముగిసే బుకింగు ఎందుకు సరైనదో రుజువును చూడకుండా రాయగలిగేదాకా వదల్లేదు. అప్పుడొచ్చింది సీటు.

ఉద్యోగం మారడానికి ఇంటర్వ్యూ ప్రశ్నలు బట్టీ పట్టాలనుకుంటే ఇది నిదానంగా అనిపిస్తుంది, మీకు వేరేవి బోలెడున్నాయి. సర్టిఫికెట్ కోసమే అయితే ఆ ఫీజు మిగుల్చుకోండి, నాది ఇంటర్వ్యూలో ఎవరూ అడగలేదు. రీసెర్చ్‌కి పోదామనుకునే సాఫ్ట్‌వేర్ వాళ్లు మాత్రం రోజుకొక్క వీడియో చొప్పున చూడండి. స్పీడు 1.25 చాలు. గ్రీడీ వారానికి అది కూడా వద్దు.