రెండంతస్తుల ఇంట్లో మెష్ వైఫై: పెట్టెలకంటే వాటి మధ్య తీగే ముఖ్యం

గుంటూరులో మాది కింద ఒక పోర్షన్, పైన ఒక పోర్షన్ ఉన్న సొంత ఇల్లు. ఫైబర్ తీగ వీధి స్తంభం నుంచి కింది హాలులోకి వచ్చి, టీవీ షోకేసు పక్కనున్న, ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన పెట్టె (రౌటరు) దగ్గర ఆగిపోతుంది. ఇంటర్నెట్ అవసరం అందరికంటే ఎక్కువగా ఉన్న మా పెద్దబ్బాయి మాత్రం మేడ మీద వెనక గదిలో కూర్చుని హైదరాబాదు ఆఫీసు పని చేసుకుంటాడు. ఈ రెండు చోట్ల మధ్య ఒక స్లాబు, రెండు తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, ఒక ఇనుప బీరువా ఉన్నాయి. వీడియో మీటింగు మధ్యలో బొమ్మ నిలిచిపోవడం, ఫోనులో వైఫై గుర్తు కనిపిస్తూనే పేజీ తెరుచుకోకపోవడం, సాయంత్రమయ్యేసరికి రెండూ ఇంకా ముదరడం మాకు అలవాటైపోయిన తరువాత, ఏఎక్స్1800 అనే వేగపు తరగతికి చెందిన రెండు పెట్టెల మెష్ సెట్టును (పెట్టెలన్నీ కలిసి ఇల్లంతా ఒకే వైఫైగా పనిచేసేది) పది వేల లోపు ధరకు కొన్నాము. కొన్ని నెలలుగా వాడుతున్న ఆ సెట్టు గురించే ఈ సమీక్ష. తయారీదారు పేరు కావాలనే రాయడం లేదు. ఈ ధరలో దొరికే ఏఎక్స్1800 సెట్ల రేడియో సామర్థ్యం కాగితం మీద ఒకటే కాబట్టి, ఇక్కడ చెప్పే మంచిచెడ్డలు చాలావరకు ఆ తరగతి మొత్తానికీ వర్తిస్తాయి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. రెండు పెట్టెల మధ్య లాన్ తీగ వేయగలిగిన ఇంటికి ఈ సెట్టు పెట్టిన డబ్బుకు తగిన వస్తువు. తీగ వేయలేని ఇంటికి ఓ మాదిరి ఉపశమనం మాత్రమే. గోలంతా కంపెనీ లైనులోనే ఉన్న ఇంటికైతే ఇది పూర్తిగా దండగ ఖర్చు.

ఈ మూడో సంగతి కొనకముందే తేల్చుకోవాలి, తేల్చుకోవడం కష్టమూ కాదు. ఇంట్లో ఇంటర్నెట్ ఆగిందంటే అది రెండు చోట్ల ఎక్కడైనా ఆగి ఉండవచ్చు: బయటి నుంచి పెట్టె దాకా వచ్చే లైనులో, లేదా పెట్టె నుంచి మన చేతిలోని ఫోను దాకా ఉన్న గాలిలో. పింగ్ అంటే ఒక చిరునామాకు చిన్న సందేశం పంపి, జవాబు ఎంతసేపటికి వస్తుందో చూడటం. ల్యాప్‌టాప్‌లో రెండు పింగ్ కిటికీలు తెరిచి, ఒకదానిలో పెట్టె చిరునామాను (చాలా ఇళ్ళలో 192.168.1.1), రెండోదానిలో బయట ఇంటర్నెట్‌లో ఉండే గూగుల్ చిరునామా 8.8.8.8ను నడవనిచ్చి, ఇబ్బంది వచ్చిన క్షణంలో రెండింటినీ చూస్తే చాలు. పెట్టె దాకా వెళ్ళే పింగే తప్పిపోతున్నా, పది మిల్లీసెకన్ల లోపు ఉండవలసింది వందల్లోకి పోతున్నా జబ్బు గాలిలో ఉన్నట్టు. మొదటిది నిలకడగా ఉండి రెండోది మాత్రమే తప్పిపోతుంటే జబ్బు లైనులో ఉన్నట్టు. అప్పుడు ఎన్ని మెష్ పెట్టెలు తెచ్చినా ఒరిగేదేమీ ఉండదు. ఇదే పరీక్షను ల్యాప్‌టాప్‌ను లాన్ తీగతో పెట్టెకు తగిలించి, ముఖ్యంగా సాయంత్రం పూట, మళ్ళీ చేస్తే అనుమానానికి తావు మిగలదు.

లైను సంగతి కూడా కొంతవరకు ఇంట్లోనే చూసుకోవచ్చు. పెట్టె మీద ఎల్‌ఓఎస్ దీపం ఎర్రగా మిణుకుతుంటే ఫైబర్‌లో వెలుతురు సరిగా అందడం లేదని అర్థం. చాలా పెట్టెల సెట్టింగుల పేజీలో అందుతున్న వెలుతురు బలం డీబీఎం అనే కొలతలో, మైనస్ అంకెగా కనిపిస్తుంది; అంకె సున్నాకు దూరమయ్యేకొద్దీ బలం తగ్గినట్టు. ఇళ్ళకిచ్చే ఫైబర్ రకమైన జీపాన్ లైన్లలో మామూలుగా వాడే పెట్టెలు మైనస్ 27 వరకు పట్టుకోగలవు. అంకె ఆ గట్టుకు దగ్గరగా ఉంటే వానకో గాలికో లైను తెగిపోతూ ఉంటుంది. షోకేసు వెనక సన్నటి ఫైబర్ తీగ మడత పడినా ఈ అంకె దిగజారుతుంది కనుక, లైన్‌మన్‌ను పిలవకముందు అది ఒకసారి చూసుకోవడం మంచిది. మా ఇంట్లో అంకె మైనస్ 21 దగ్గర కుదురుగా ఉంది. తీగ తగిలించిన ల్యాప్‌టాప్‌లో సాయంత్రం కూడా 200 ఎంబీపీఎస్ ప్లాను దాదాపు పూర్తిగా వచ్చింది. మేడ మీద మాత్రం పెట్టెకు పింగే నిలవలేదు. అంటే మా తగాదా గాలితోనే.

ఆ గాలిలో రెండు దారులు, అంటే రెండు రేడియో బ్యాండ్లు, ఉన్నాయి. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి దూరం పోతుంది, కానీ అందులో ఒకదానిపై ఒకటి పడకుండా నిలిచే ఛానళ్ళు 1, 6, 11 అనే మూడే. వీధిలోని ఇళ్ళన్నీ ఆ మూడింటినే పంచుకోవాలి. బ్లూటూత్ పరికరాలూ, మైక్రోవేవ్ ఓవెనూ కూడా అక్కడే గొడవ చేస్తాయి. సాయంత్రం అందరూ ఇల్లు చేరాక అది నెమ్మదించడానికి కారణం ఇదే. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు చాలా ఎక్కువ. మన దేశంలో 2018లో ఇచ్చిన ప్రకటనతో ఇంట్లో లైసెన్సు లేకుండా వాడుకునే మేర ఇంకా విస్తరించింది. అయితే అది గోడలకూ, ఇనుప ఊచలున్న స్లాబుకూ త్వరగా లొంగిపోతుంది. మా మేడ గదిలో ఫోను 5 గిగాహెర్ట్జ్‌ను పట్టుకోలేక 2.4కు జారి, అక్కడి రద్దీలో ఇరుక్కునేది. మీటింగులకు సిగ్నల్ కనీసం మైనస్ 67 డీబీఎం ఉంటే బాగుంటుందని సాధారణంగా చెబుతారు; మైనస్ 80 దగ్గరికి పోతే గుర్తు కనిపిస్తుంది గాని పని జరగదు. సిగ్నల్ చూపించే ఉచిత ఆప్‌లు ఆండ్రాయిడ్ ఫోనుల్లో చాలా ఉన్నాయి. ఏదో ఒకటి పెట్టుకుని ఇల్లంతా ఒకసారి తిరిగితే ఏ గోడ దగ్గర సిగ్నల్ చచ్చిపోతోందో తెలిసిపోతుంది. మా ఇంట్లో అది గోడకంటే బీరువా దగ్గర ఎక్కువగా పడిపోయింది.

ఇక సెట్టు విషయానికి వస్తాను. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉన్న 1800 అనే అంకెను చూసి మోసపోనక్కరలేదు. 2.4 గిగాహెర్ట్జ్‌లో 574, 5 గిగాహెర్ట్జ్‌లో 1201 కలిపి, పైకి సవరించి 1800 అని రాస్తారు. ఒక ఫోను ఒక సమయంలో ఒక దారినే వాడుతుంది కాబట్టి ఈ కూడికకు వాడకంలో అర్థం లేదు. పైగా ఆ 574 రావాలంటే 2.4లో 40 మెగాహెర్ట్జ్ వెడల్పు కావాలి. ఇళ్ళు ఆనుకుని ఉండే మన పేటల్లో అంత వెడల్పు ఖాళీగా దొరకడం కలలోని మాట. లెక్కలోకి తీసుకోవలసింది 1201 ఒక్కటే, అది కూడా రేడియోల మధ్య లెక్క మాత్రమే. ఎదురుగా కూర్చున్నా చేతికి అందేది అందులో సగం, కాస్త పైన. 200 ఎంబీపీఎస్ ప్లానుకు అదే ఎక్కువ.

అమర్చడం సులువు. తయారీదారు ఆప్ అడిగినట్టు చేస్తూ పోతే పావుగంట పని. కానీ ఫోనులో ఆప్, అందులో ఒక ఖాతా లేకుండా మొదలుపెట్టనివ్వకపోవడం నాకు నచ్చలేదు. పెట్టె మన ఇంట్లో, తాళం వేరొకరి దగ్గర అన్నట్టుంది. అమర్చిన వెంటనే రెండు పనులు తప్పకుండా చేయాలి. కంపెనీ పెట్టె తానే రౌటరుగా పనిచేస్తుంటుంది గనుక మెష్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (రౌటరు పని చేయకుండా వైఫై మాత్రమే పంచే పద్ధతిలో) పెట్టాలి; లేకపోతే రెండు రౌటర్లు ఒకదాని వెనక ఒకటి నిలబడి, కింది ప్రింటరు పై ల్యాప్‌టాప్‌కు కనిపించకపోవడం వంటి చిక్కులు వస్తాయి. కంపెనీ పెట్టె సొంత వైఫైని ఆపివేయాలి. లేకపోతే ఫోనులు పాత పేరు గుర్తుపెట్టుకుని దానికే అతుక్కుంటాయి.

మొదట తీగ లేకుండానే వాడి చూశాము. ఒక పెట్టె హాలులో, రెండోది మేడ మెట్లు ముగిసేచోట. చాలామంది రెండో పెట్టెను సిగ్నల్ లేని గదిలోనే పెడతారు. అక్కడ దానికీ మొదటి పెట్టె సరిగా వినపడదు. రెండింటికీ మధ్యలో, మొదటిదాని సిగ్నల్ ఇంకా బాగున్నచోట పెట్టాలి. అలా పెట్టాక పై గదిలో వేగం ఇరవై లోపు నుంచి ఎనభై, తొంభైకి పెరిగింది. వేగం పెరిగినా నిలకడ అంతగా రాలేదు. రెండే దారులున్న ఈ తరగతి పెట్టెల్లో, పెట్టెల మధ్య మాట్లాడుకోవడానికి ప్రత్యేకమైన దారి ఉండదు. రెండో పెట్టె ఒకే ఛానల్‌లో కింది పెట్టె చెప్పింది వినాలి, మళ్ళీ అదే ఛానల్‌లో ఫోనుకు చెప్పాలి. ఎదుటివారి మాట పూర్తిగా విన్నాకే నోరు విప్పగలిగిన దుబాసీ పరిస్థితి దానిది. సమయం రెట్టింపవుతుంది, వేగం సగమవుతుంది. సినిమా చూడటానికి ఇది ఇబ్బంది కాదు, ముందుగానే కొంత దింపుకుంటుంది కాబట్టి. మీటింగులో మాట మాత్రం వెంటనే చేరాలి, అక్కడ తడబాటు తెలిసిపోతూనే ఉండేది.

తరువాత లాన్ తీగ వేయించాము. ఈ సెట్టు అసలు విలువ అప్పుడే బయటపడింది. పై పెట్టెలో 190 ఎంబీపీఎస్‌కు తగ్గకుండా వస్తోంది, పింగ్ నిలకడగా ఉంది, వాన పడ్డా సాయంత్రమైనా తేడా లేదు. రెండు పెట్టెలకూ గిగాబిట్ పోర్టులు ఉండటం, తీగ తగిలించగానే గాలి దారి వదిలి తీగ దారి పట్టడం ఈ సెట్టులో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం.

తీగ వేయించేటప్పుడు ఎలక్ట్రీషియన్‌ను కాస్త పట్టించుకోవాలి. గిగాబిట్ వేగానికి క్యాట్5ఈ రకం లాన్ తీగ సరిపోతుంది, వంద మీటర్ల వరకు ఢోకా లేదు. ధరలో పెద్ద తేడా లేదు కనుక క్యాట్6 వేసుకోవచ్చు. అంతకంటే ముఖ్యం, అది పూర్తి రాగి తీగ కావడం. చవకగా దొరికే కట్టల్లో చాలావాటిలో లోపల అల్యూమినియం, పైన రాగి పూత ఉంటుంది. అది క్రింపింగ్ (కనెక్టరును తీగకు నొక్కి బిగించడం) దగ్గర విరుగుతుంది, దూరం పెరిగితే మొరాయిస్తుంది. కరెంటు తీగలున్న పైపులోనే దీన్ని దూర్చనివ్వకూడదు. ఫ్యాను పైపులో చోటుందని మా ఎలక్ట్రీషియన్ ఎంతో ఉత్సాహంగా చెప్పాడు, వద్దని గోడ బయట నుంచి వేరే పైపు వేయించాము. పని అయ్యాక స్పీడు టెస్టులో 94 దగ్గర అంకె ఆగిపోతే అది లైను లోపం అనుకోకండి. ఎనిమిది తీగల్లో ఏదో ఒకటి కనెక్టరులో సరిగా కూర్చోక, లింకు 100 ఎంబీపీఎస్‌కు దిగిపోయిందని దాని గుర్తు. మాకు మొదటిసారి సరిగ్గా అదే వచ్చింది. పై చివర కనెక్టరు కోసి మళ్ళీ క్రింప్ చేయించగానే పూర్తి వేగం వచ్చింది.

ఇక మెష్‌కు ఉండే ప్రత్యేకత, మెట్లెక్కుతూ మాట్లాడుతున్నా కాల్ తెగకుండా ఫోను ఒక పెట్టె నుంచి మరో పెట్టెకు మారడం. కొత్త ఫోనుల్లో ఇది బాగానే జరుగుతోంది. మారాలా వద్దా అని చివరికి నిర్ణయించేది పెట్టె కాదు, ఫోను. అందుకే మా ఇంట్లోని పాత ఫోను మేడ మీదికి వచ్చినా కింది పెట్టెను వదలదు, వైఫైని ఆపి మళ్ళీ వేయవలసి వస్తుంది. 2.4 మాత్రమే తెలిసిన స్మార్ట్ ప్లగ్గులు, కెమెరాలు కొన్ని డబ్ల్యూపీఏ3 అనే కొత్త వైఫై పాస్‌వర్డు రక్షణను అర్థం చేసుకోలేవు. వాటికోసం ఆప్‌లో పాత డబ్ల్యూపీఏ2 ఎంచుకోవడమో, గెస్ట్ నెట్‌వర్కు పెట్టడమో చేయాలి.

కరెంటు సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇప్పుడు ఒకటికి మూడు పెట్టెలు వెలుగుతున్నాయి. కరెంటు పోయినప్పుడు వాటిలో ఏది ఆగినా పై గదికి ఇంటర్నెట్ లేనట్టే. ఇన్వర్టర్ ఉన్నా, కరెంటు మారే ఆ చిన్న విరామానికి పెట్టెలు రీస్టార్టయి, మళ్ళీ లేచి కుదురుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటాయి. వైఫై పోయి వస్తోందని ఫిర్యాదు చేసే ఇళ్ళలో కొన్నిటి అసలు కారణం ఇదే. చాలా ఇన్వర్టర్ల వెనక ఎకో, యూపీఎస్ అనే మీట ఉంటుంది; యూపీఎస్ వైపు ఉంచితే మార్పు వేగంగా జరిగి పెట్టెలు ఆగవు. ఇన్వర్టర్ లేనివారు ఒక్కో చోట మినీ యూపీఎస్ పెట్టుకోవచ్చు. దాని వోల్టులు, ఆంపియర్లు పెట్టె అడాప్టరు మీద రాసినదానికి సరిపోవాలి.

రెండు పడకగదుల ఫ్లాటులో ఉండేవారికి ఈ సెట్టు అవసరం లేదు. కంపెనీ పెట్టెను షోకేసు వెనక నుంచి, బీరువా నీడ నుంచి తీసి, హాలు మధ్యలో తల ఎత్తుకు ఎత్తి పెడితే చాలా ఫ్లాటులకు అదే చాలు. అద్దె ఇంట్లో ఉంటూ గోడకు చిల్లు వేయడానికి వీల్లేనివారు తీగ లేకుండానే వాడుకోవచ్చు, కానీ మీటింగుల విషయంలో పైన చెప్పిన తడబాటుకు సిద్ధపడాలి. సొంత ఇల్లు ఉండి, తీగ ఎలాగూ వేయిస్తున్నవారికి ఇంకో దారి ఉంది: మెష్ మాట మరచి, పైన మామూలు గిగాబిట్ రౌటరు ఒకటి యాక్సెస్ పాయింట్‌గా పెట్టుకుంటే ఖర్చు సగానికి తగ్గుతుంది; నడుస్తూ మాట్లాడేటప్పుడు మారడం కాస్త మొరటుగా ఉంటుంది, అంతే. మెష్ సెట్టే కొనదలచుకుంటే, రెండు పెట్టెలకూ గిగాబిట్ పోర్టులున్నాయో లేదో అట్టపెట్టె వెనక చదివి మరీ కొనండి. కొన్ని చవక సెట్లలో పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే ఉంటాయి; వాటికి ఎంత మంచి తీగ తగిలించినా ఆ 94 దాటదు.