క్రిస్మస్ చెట్టు కిట్లు: చిన్నపిల్లల చేతికి ఏది పనికొస్తుంది

డిసెంబర్ వచ్చిందంటే బేగంబజార్‌లోనూ సికింద్రాబాద్ జనరల్ బజార్‌లోనూ పిల్లలు సొంతంగా చేసుకునే క్రిస్మస్ చెట్టు కిట్లు కొట్ల ముందు వేలాడతాయి. డబ్బాల మీద పేర్లు ఎన్నున్నా లోపలి సరుకు ఎక్కువగా మూడు రకాలు: ఫోమ్ షీటు చెట్టు, ఐస్‌క్రీం పుల్లల చెట్టు, గోడకు వేలాడదీసే ఫెల్ట్ (నూగుండే మందపాటి బట్ట) చెట్టు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లల కోసమైతే వీటిలో చూడాల్సింది ఒక్కటే. పనిలో ఎంత భాగం పిల్లల చేతుల మీదుగా జరుగుతుంది? అమ్మ చేస్తుంటే పిల్ల పక్కన కూర్చుని చూడాల్సిన కిట్ ఎంత అందంగా ఉన్నా దండగే.

ఫోమ్ కిట్‌లో ఆకుపచ్చ ముక్కలు, రంగురంగుల పాంపామ్‌లు (మెత్తటి చిన్న నూలు బంతులు), ఒక నక్షత్రం, చిన్న జిగురు ట్యూబు వస్తాయి. చిక్కంతా ఆ ట్యూబుతోనే. తెల్ల జిగురు ఆరాలంటే అందులోని నీరు బయటికి పోవాలి. కాగితం, చెక్క ఆ నీటిని పీల్చుకుంటాయి, ఫోమ్ పీల్చుకోదు. అందుకే రెండు ఫోమ్ ముక్కల మధ్య పూసిన జిగురు గంట గడిచినా పచ్చిగానే ఉంటుంది. చెట్టును నిలబెట్టగానే పైముక్క మెల్లగా కిందికి జారుతుంది. పిల్ల మళ్లీ నొక్కుతుంది, అది మళ్లీ జారుతుంది, మూడోసారికి ఏడుపు. ట్యూబు పక్కన పడేసి అర అంగుళం వెడల్పున్న డబుల్ సైడ్ టేపు వాడండి. పెద్దవాళ్లు ముందే ముక్కలు కోసి అంటించి, పై కాగితం మూల కొద్దిగా మడిచి ఉంచితే చాలు, మిగతా కాగితం పిల్లలే లాగేస్తారు. గ్లిట్టర్ పూసిన ఫోమ్ అయితే మెరిసే వైపు ఏదీ అంటించొద్దు. టేపు ఆ పొడికే పట్టుకుని పొడితో సహా ఊడొస్తుంది. టేపు విడిగా కొంటామంటేనే ఈ కిట్ తీసుకోండి.

పుల్లల కిట్ కొనక్కర్లేదు. మూడు పుల్లలతో త్రికోణం చేయడమే కదా, పుల్లల ప్యాకెట్, ఫెవికాల్ విడిగా తెచ్చుకుంటే సరిపోతుంది. పుల్లలకు రంగు ముందు రోజే వేయించండి, తడి పుల్ల మీద జిగురు పట్టదు. అంటించిన మూలలకు అరగంట పాటు బట్టల క్లిప్పులు పెట్టండి. క్లిప్పు నొక్కి పెట్టడమంటే నాలుగేళ్ల పిల్లలకు మహా సరదా, వేళ్లకు బలం కూడా వస్తుంది.

నాలుగేళ్ల లోపు పిల్లలకు ఫెల్ట్ చెట్టే మేలు. జిగురు లేదు, కత్తెర లేదు. బొమ్మల వెనక వెల్క్రో గరుకు ముక్క ఉంటుంది, అది నేరుగా ఫెల్ట్ నూగును పట్టుకుంటుంది. తీస్తారు, పెడతారు, పండగయ్యేదాకా అదే ఆట. కొనేముందు ఒక బొమ్మను పీకి చూడండి. వెల్క్రో ముక్క చెట్టుకే అతుక్కుని ఉండిపోతే ఆ కిట్ వద్దు. కుట్టిన వెల్క్రో ఉన్నది ఏరుకోండి. దాంతో వచ్చే అంటుడు ముక్కలతో డిస్టెంపర్ గోడకు తగిలిస్తే, తీసేటప్పుడు సున్నం పెళ్లలు ఊడతాయి. పిల్లల ఎత్తుకు అందేలా తలుపుకు కట్టండి.

ఇక నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకైతే ఏ కిట్ కన్నా చార్టు శంకువే బాగుంటుంది. 22 అంగుళాల వెడల్పు, 28 అంగుళాల పొడవున్న మామూలు చార్టులో నాలుగు చెట్లు వస్తాయి. చార్టు మూలలో దారం ఒక కొసను వేలితో అదిమి, రెండో కొసకు పెన్సిల్ కట్టి, 27 సెంటీమీటర్ల దూరంలో పావు వృత్తం గీయండి. కోసి చుట్టి, 2 సెంటీమీటర్లు ఒకదాని మీద ఒకటి వచ్చేలా టేపు వేస్తే, అడుగున వెడల్పు దాదాపు 13, ఎత్తు 26 సెంటీమీటర్ల సన్నటి చెట్టు అవుతుంది. చాలామంది అర వృత్తం తీసుకుంటారు. అప్పుడు అడుగు వెడల్పు కూడా 27 సెంటీమీటర్ల దాకా పోయి, చెట్టు కాస్తా గొడుగులా కూర్చుంటుంది.

ఆకులకు పచ్చ పతంగి కాగితం వాడండి. సంక్రాంతి ముందు కాబట్టి ధూల్‌పేట పతంగి కొట్లలోనూ అడగొచ్చు. 4 సెంటీమీటర్ల వెడల్పు పట్టీలు మొత్తం రెండు మీటర్ల పైచిలుకు కావాలి. పట్టీ అంచున 2.5 సెంటీమీటర్ల లోతుకు, సెంటీమీటరుకొకటి చొప్పున గాట్లు పెట్టాలి. ఒక్కసారి కత్తెర మూస్తే ఒక గాటు, కాబట్టి నాలుగేళ్ల చేతికి ఇది సరిగ్గా సరిపోయే పని. ప్లాస్టిక్ అలుగు కత్తెర మాత్రం ఇవ్వకండి. పల్చటి కాగితాన్ని అది కోయదు, రెండు అలుగుల మధ్య మడిచేస్తుంది. అలుగు లోహానిదై, మొన గుండ్రంగా ఉన్నది కావాలి.

పట్టీలు అడుగు నుంచి పైకి అంటించాలి. పైనుంచి మొదలుపెడితే కింది పట్టీ పైదాని ఆకుల మీదికొచ్చి వాటిని అణిచేస్తుంది. ఒక్కో వరసకు 2.5 సెంటీమీటర్లు పైకి జరుపుతూ పోతే పది వరసల్లో కొస చేరుతుంది. జిగురు స్టిక్కుగా ఉన్నదే ఇవ్వండి. నీళ్ల జిగురు తగిలితే ఈ కాగితం చినుగుతుంది, రంగు దిగుతుంది. క్రేప్ కాగితమైతే మరీను, పచ్చ వేళ్ల ముద్రలు గోడ దాకా వెళ్తాయి.

అలంకరణకు బొట్టుబిళ్లలను మించింది లేదు. ఎర్రటి గుండ్రటి పెద్ద సైజు షీటు ఒకటి చాలు, జిగురు వెనకే ఉంటుంది. షీటును బిళ్ల వెనక్కి కాస్త వంచితే బిళ్ల అంచు లేస్తుంది, ఆ అంచు పట్టుకుని పిల్లలు తీసుకుంటారు. మూడేళ్ల లోపు తమ్ముడో చెల్లో ఇంట్లో ఉంటే బిళ్లలు, పాంపామ్‌లు, పూసలు లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకోండి, ఇవన్నీ నోట్లోకి పోయే సైజువే.

కొన్ని కిట్లలో బటన్ సెల్‌తో వెలిగే చిన్న లైట్ల తీగ వస్తుంది. సెల్ పెట్టే మూతకు స్క్రూ లేకపోతే ఆ తీగ ఇంట్లోకే రానివ్వకండి. మింగిన బటన్ సెల్ రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. మింగిందేమోనన్న అనుమానం వచ్చినా సరే, ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

నక్షత్రం చార్టుతోనే చేయండి. కిట్‌లోని మందపాటి ఫోమ్ నక్షత్రం పెడితే తలబరువై శంకువు వాలిపోతుంది. అదే పెడతానని పిల్ల పట్టుబడితే, శంకువు లోపలి అంచు చుట్టూ నిమ్మకాయంత బంకమట్టిని తాడులా పేనించి అదిమించండి. ఆ మట్టి పేనే పని కూడా వాళ్లదే.