గంట రేటు పెరిగింది, గంటలు తగ్గాయి: మా ఆఫీసు క్లీనింగ్ సర్వీసుపై సమీక్ష

మా ఆఫీసు మూడు అంతస్తులనూ శుభ్రంగా ఉంచే పనిని నాలుగేళ్లుగా ఒకే క్లీనింగ్ ఏజెన్సీ చూస్తోంది. ఏటా ఒప్పందం మీద మా వైపు నుంచి సంతకం పెట్టేది నేనే. కనీస వేతనం పెరగక ముందు, పెరిగిన తరువాత ఈ సేవ ఎలా నడిచిందో దగ్గరగా చూశాను కాబట్టి, ఏజెన్సీని ఎంచుకోబోయే ఇతర ఆఫీసుల వారికి నా అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటి రెండేళ్లలో వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. సిబ్బంది వేళకు వచ్చేవారు. మరుగుదొడ్లకు ఎర్ర గుడ్డ, బల్లలకు నీలం గుడ్డ, వంటగదికి ఆకుపచ్చ గుడ్డ అనే నియమాన్ని ఎవరూ చూడనప్పుడు కూడా పాటించేవారు.

మూడో ఏడాది కనీస వేతనం పెరిగింది. నెలవారీ బిల్లు ఆ మేరకు పెంచాలని ఏజెన్సీ ఉత్తరం రాసింది. మా బడ్జెట్ మారదని, పాత మొత్తానికే చేయలేకపోతే వేరే వారిని చూసుకుంటామని నేను బదులిచ్చాను. మర్నాటికే వారు ఒప్పుకున్నారు. ఖర్చు పెరగకుండా చూశానని అప్పుడు సంతోషించాను గాని, ఆ తేడాను ఎవరు భరిస్తారన్న ప్రశ్న నాకు తట్టలేదు.

రెండు నెలలు తిరగకుండానే సమాధానం నేల మీద కనిపించింది. ఇదివరకు అంతస్తు మారినప్పుడల్లా బకెట్‌లో నీళ్లు మార్చేవారు. ఇప్పుడు పై అంతస్తులో నల్లబడిన నీళ్లే కిందికి దిగుతున్నాయి, నేల ఆరాక మాప్ చారలు తేలుతున్నాయి. మరుగుదొడ్డి తలుపు వెనుక గంటగంటకూ సంతకం పెట్టాల్సిన పట్టీలో చివరి గడులు ఖాళీగా ఉంటున్నాయి. నేను ఫిర్యాదు చేయబోతుంటే, మొదటి నుంచీ మా దగ్గరే పనిచేస్తున్న ఒకామె ఆపి, "పని తగ్గలేదు సార్, టైమే తగ్గింది. చేతికొచ్చేది పాత జీతమే" అన్నారు. ఎనిమిది గంటల షిఫ్టును ఏజెన్సీ ఏడు గంటలు చేసింది. చేయాల్సిన పనుల జాబితాలో మాత్రం ఒక్క గదీ తగ్గలేదు.

లెక్క చాలా చిన్నది. గంటకు 7 వచ్చే చోట 8 వస్తే, పాత ఎనిమిది గంటలకూ 56, కొత్త ఏడు గంటలకూ 56. చట్ట ప్రకారం గంట రేటు పెరిగింది, ఏజెన్సీ ఖర్చు పెరగలేదు, మా బిల్లు పెరగలేదు. పెరిగిందల్లా గంటకు ఆమె తుడవాల్సిన నేల. ఈ వ్యాపారంలో ఖర్చులో అత్యధిక భాగం జీతాలే. ఫినాయిల్, గుడ్డలు, యంత్రాల మీద ఎంత పొదుపు చేసినా అది ఏ మూలకూ రాదు. తక్కువ కోట్ చేసిన వారికే కాంట్రాక్టు దక్కే చోట, వేతనం పెరిగినప్పుడు నిజాయితీగా ధర పెంచిన ఏజెన్సీ ఓడిపోతుంది, నిశ్శబ్దంగా గంటలు కోసిన ఏజెన్సీ నిలుస్తుంది. అందువల్ల తప్పును ఏజెన్సీ మీద మాత్రమే మోపలేను. ఆ కోతకు దారి వేసింది నా ఉత్తరమే.

పని కొనుక్కునే వారికి కూడా బాధ్యత ఉందన్న ఆలోచన కొత్తదేమీ కాదు. ప్రభుత్వ కాంట్రాక్టులలో కార్మికుల వేతనాలు, పని గంటల గురించి నిబంధనలు రాసి తీరాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1949లోనే 94వ ఒడంబడికలో చెప్పింది. జర్మనీలో దేశమంతటికీ కనీస వేతనం 2015లో వచ్చింది గాని, భవనాల శుభ్రత రంగానికి ప్రత్యేక కనీస వేతనం అంతకు ముందే ఉంది. బ్రిటన్‌లో ఒక క్లయింటు దగ్గర పని ముగించి మరొకరి దగ్గరికి వెళ్లే ప్రయాణాన్ని కూడా కనీస వేతనపు లెక్కలో పని సమయంగానే చూస్తారు. రోజుకు మూడు నాలుగు చోట్లకు తిరిగే క్లీనర్లకు ఈ ఒక్క నియమం ఎంత విలువైనదో వేరే చెప్పనక్కర్లేదు.

నాలుగో ఏడాది ఒప్పందంలో మూడు మార్పులు అడిగాను. ఒక్కో అంతస్తుకు ఎన్ని మనిషి గంటలు (ఎందరు, ఒక్కొక్కరు ఎన్ని గంటలు) కేటాయిస్తారో కాగితం మీద ఉండాలి. చట్టబద్ధంగా వేతనం పెరిగితే ఆ పెరుగుదల మేరకు మా బిల్లు దానంతటదే పెరగాలి. జీతం చీటీలో పని గంటలు, కోతలు విడివిడిగా కనిపించాలి. బిల్లు పెంపును మా యాజమాన్యం చేత ఒప్పించడానికి నాకు నెల పట్టింది. ఏజెన్సీ మాత్రం మూడింటికీ వెంటనే సరేనంది, ఎనిమిది గంటల షిఫ్టును తిరిగి తెచ్చింది. ఇందుకు వారిని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను. ఇప్పుడు బకెట్‌లో నీళ్లు ప్రతి అంతస్తుకూ మారుతున్నాయి. టైమే తగ్గిందని నాకు చెప్పినామె అప్పట్లో పని మానేద్దామనుకున్నారు, ఇంకా మా దగ్గరే ఉన్నారు. ఏ గది కిటికీకి ఏ వేళ ఎండ తగులుతుందో, ఏ మూలన దుమ్ము పేరుకుంటుందో ఆమెకు తెలిసినంతగా కొత్తవారికి ఎన్నాళ్లకు తెలియాలి?

ఇదే షరతుల మీద ఈ ఏజెన్సీని మళ్లీ తీసుకుంటాను, ఇతరులకూ సిఫార్సు చేస్తాను. ఒక లోపం మాత్రం ఇంకా సరికాలేదు: ఎవరైనా సెలవు పెడితే బదులు మనిషిని పంపకుండా, ఆ పనిని మిగిలిన ఇద్దరికీ అదనపు చెల్లింపు లేకుండా పంచుతున్నారు. మేము మాత్రం ముగ్గురికీ బిల్లు కడుతున్నాం. గత నెలలో ఇలా నాలుగు రోజులు జరిగింది. ఆ నాలుగు రోజుల మొత్తాన్ని పని చేసిన ఇద్దరికీ ఇవ్వాలని రాసి పంపాను. జవాబు రావాల్సి ఉంది.